ఉపాసకుడు కారు కొనొచ్చా?



ఆదివారం వందన అయిపోయి, విహారంలో చాపలు చుట్టి పెట్టే వేళకు ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. "అన్నా, దుఃఖానికి తృష్ణే మూలమని చదువుకుంటున్నాం గదా. మరి బౌద్ధుడు కారు కొనొచ్చా?" అడిగేవాళ్లు రెండు రకాలుగా ఉంటారు. కొందరు అప్పటికే కొనేసి, ఎవరేమనుకుంటారోనని అడుగుతారు. కొందరు కొనలేక, కొన్నవాళ్లను నాలుగు మాటలు అనిపిద్దామని అడుగుతారు. ఇద్దరికీ జవాబు ఒకటే. కొనొచ్చు. ఇందులో నాన్చేదేమీ లేదు.

పేదరికం పుణ్యమని మన ధమ్మం ఎక్కడా చెప్పలేదు. పేదవాడిగా ఉంటేనే పరలోకం దొరుకుతుందనే బోధ బుద్ధుడిది కాదు. దారిద్ర్యం దుఃఖాన్ని పుట్టిస్తుందని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో స్పష్టంగానే రాశారు. ఆ వెంటనే ఇంకో మాట కూడా రాశారు: దారిద్ర్యం పోయినంత మాత్రాన సుఖం దానంతటది రాదని. మనవాళ్లు మొదటి మాట గుర్తు పెట్టుకుంటారు, రెండోది వదిలేస్తారు. ఈ చిన్న పుస్తకం ఆ రెండో మాట గురించి.

కాబట్టి ప్రశ్నను కొంచెం మార్చుకుందాం. కారు కొనొచ్చా అని కాదు, కొనాలనే కోరిక మనలో ఎప్పుడు, ఎలా పుట్టింది? దాన్ని పుట్టించింది ఎవరు? అది పుట్టేటప్పుడు మనం మేలుకునే ఉన్నామా? ఈ సంగతి చూడాలంటే కొత్త మోడల్ విడుదల చేసే సాయంత్రం కార్ల షోరూముకు వెళ్లడం కన్నా మంచి పాఠం లేదు.

ఈమధ్య మన ఉపాసకుల్లో ఒక తమ్ముడికి అలాంటి పిలుపొచ్చింది. గవర్నమెంటు బడిలో టీచరు. వాళ్లింట్లో నెల జీతం ఎత్తిన మొదటి మనిషి. "అన్నా, తోడు రా" అన్నాడు. వెళ్లాను. బైపాస్ రోడ్డు పక్కన, నిలువెత్తు అద్దాల షోరూము. గుమ్మం దగ్గరే చేతికి కూల్‌డ్రింకు ఇచ్చి, పేరు, ఫోన్ నంబరు రాసుకున్నారు. మధ్యలో కొత్త బండి, దాని మీద మెరిసే పట్టుగుడ్డ. చుట్టూ కుర్చీలు. చెవులదిరే పాటలు. ముందు దీపం వెలిగించారు, కొబ్బరికాయ కొట్టారు. తర్వాత లైట్లు తీసేశారు. పది, తొమ్మిది, ఎనిమిది అని అందరిచేతా లెక్కపెట్టించారు. ఒకటి అనగానే పొగ, రంగుల కాగితాలు, లైట్లు. గుడ్డ జారిపోయింది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు, సెల్‌ఫోన్లు పైకెత్తారు.

ఇప్పుడు మనం ప్రతీత్యసముత్పాదం గురించి చదువుకున్నది గుర్తు చేసుకోండి. పన్నెండు కడియాల గొలుసు. అందులో మధ్య కడియాలు ఈ షోరూములో కళ్లముందే కనిపిస్తాయి. కన్ను రూపాన్ని తాకుతుంది, చెవి శబ్దాన్ని తాకుతుంది. అది ఫస్స, అంటే స్పర్శ. దాని వెంట హాయి పుడుతుంది. అది వేదన. మనం మామూలుగా వేదన అంటే బాధ అనుకుంటాం, పాళీలో మాత్రం హాయి కూడా వేదనే. ఆ హాయి వెంట "ఇది నాకు కావాలి" అనే దాహం వస్తుంది. అది తణ్హ, తృష్ణ. దాహం గట్టిపడి పట్టుకుంటుంది. అది ఉపాదానం. షోరూము భాషలో దానికి బుకింగ్ అని పేరు. ఆ తర్వాత "నేను ఈ బండి ఓనర్ని" అనే కొత్త మనిషి మనలో తయారవుతాడు. అది భవం.

ఈ గొలుసును ఎక్కడ తెంపొచ్చు? స్పర్శను ఆపలేం. కళ్లకు గంతలు కట్టుకుని బతకలేం గదా. హాయినీ ఆపలేం. మంచి బండి చూస్తే బాగుందనిపిస్తుంది, అందులో తప్పు లేదు. తెంపగలిగే చోటు ఒక్కటే: హాయికీ దాహానికీ నడుమ ఉన్న ఆ సన్నని సందు. బాగుంది అనుకోవడానికీ నాకు కావాలి అనుకోవడానికీ మధ్య ఒక ఊపిరి పట్టేంత కాలం ఉంటుంది. ధ్యానంలో మనం నేర్చుకునేది ఆ ఊపిరిని గమనించడమే. షోరూములో ఆ సాయంత్రం పన్నిన పన్నాగం అంతా ఆ ఊపిరి పీల్చుకోనివ్వకుండా ఉండటానికే. పాట ఆగదు. లైటు తగ్గదు. "ఇవాళ బుక్ చేస్తేనే ఈ ఆఫర్ సార్" అనే మాట ఆగదు.

ఆ సేల్స్ కుర్రాడిని తిట్టుకోనక్కర్లేదు. అతనికీ నెలకు ఇన్ని బళ్లని టార్గెట్ ఉంటుంది. అతనిల్లూ ఆ జీతం మీదే నడవాలి. అతని ముఖంలోనూ దుఃఖం ఉంది, చూడగలిగితే. కానీ అతను మా తమ్ముడితో అన్న ఒక మాట మాత్రం మీకు చెప్పాలి. "సార్, ఈ బండేసుకుని మీ ఊళ్లోకి ఒక్కసారి వెళ్లండి. అప్పుడు చూడండి మీకిచ్చే రెస్పెక్టు." తమ్ముడి ముఖం మారిపోయింది. మైలేజీ గురించి, సన్‌రూఫ్ గురించి అరగంట చెప్పినా కదలని మనిషి, ఆ ఒక్క మాటకు కదిలాడు.

ఎందుకు కదిలాడో మీకూ నాకూ వేరే చెప్పనక్కర్లేదు. బండి అనేది మన చరిత్రలో ఒట్టి బండి కాదు. ఊరి వీధిలోకి రాగానే సైకిల్ దిగి నడిపించుకుంటూ పోయిన తాతలు మనకున్నారు. చెప్పులు చేతబట్టుకుని నడిచినవాళ్లున్నారు. పెళ్లికొడుకు గుర్రమెక్కితే రాళ్లు వేసిన వార్తలు ఈ రోజుకీ గుజరాత్, రాజస్థాన్ నుంచి వస్తూనే ఉన్నాయి. ఎక్కి కూర్చోవడమే ఈ దేశంలో మనకు నేరమైంది. అందుకని మనవాడు కారెక్కాలనుకుంటే దాన్ని ఒట్టి అత్యాశ అని కొట్టిపారేసేవాళ్లకు మన చరిత్ర తెలియదు.

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో తన జీవితంలోంచి చెప్పిన మొదటి ఘట్టమే బండి గురించి. 1901లో, తొమ్మిదేళ్ల పిల్లవాడిగా, కోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి బయల్దేరారు. మసూర్ స్టేషన్‌లో దిగాక, వీళ్లు మహర్లని తెలిసి బండివాళ్లెవరూ రామన్నారు. చివరికి రెండింతల కిరాయి ఇస్తామంటే ఒకడు ఒప్పుకున్నాడు. అదీ షరతు మీద: బండి పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడిచి వస్తాడు. డబ్బు ముట్టుకుంటే మైల కాలేదు, పక్కన కూర్చుంటే మైల అయింది.

రెండోది 1929 నాటిది. అప్పటికి ఆయన బారిస్టరు. అంటరానివారి కష్టాలను విచారించడానికి బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. చాలీస్‌గావ్ స్టేషన్‌లో దిగితే, మహర్‌వాడకు తీసుకెళ్లడానికి టాంగావాళ్లెవరూ రాలేదు. అంత పెద్దాయన్ని నడిపించి తీసుకెళ్లడం తమకు తలవంపులని అక్కడి మనవాళ్లు అనుకున్నారు. టాంగా అద్దెకు తెచ్చారు, తోలేవాడు మాత్రం రాడు. ఎప్పుడూ టాంగా తోలని మనవాడే పగ్గాలు పట్టుకున్నాడు. నది మీది వంతెన దగ్గర చక్రం రాళ్లలో ఇరుక్కుంది. బాబాసాహెబ్ ఎగిరి రాళ్ల మీద పడ్డారు. కాలు విరిగింది. గుర్రమూ టాంగా నదిలో పడ్డాయి. ఆ సంగతి తలుచుకుంటూ ఆయన రాసిందేమిటంటే, తన గౌరవం కాపాడాలని ఆ జనం తన ప్రాణాన్నే ఆపదలో పెట్టారని.

ఈ మాట దగ్గర కాసేపు ఆగండి. చాలీస్‌గావ్ మహర్లను ఆయన తప్పుపట్టలేదు. వాళ్లది ప్రేమ. తప్పు టాంగావాళ్ల కులగర్వానిది. గౌరవం కోసం మనం పడే ఆరాటం న్యాయమైనదే. అయినా ఆ ఆరాటంలో, పగ్గాలు పట్టడం తెలియని చేతికి పగ్గాలిచ్చి బండెక్కితే, కాలు విరిగేది టాంగావాడిది కాదు, మనదే. షోరూములో ఆ కుర్రాడి ఒక్క మాటకు మన తమ్ముడి ముఖం మారినప్పుడు నాకు గుర్తొచ్చింది చాలీస్‌గావే.

రెస్పెక్టు కోసం అంటున్నారు కాబట్టి, ఆ రెస్పెక్టు బండిలో ఎక్కడుందో వెతుకుదాం. మిళింద రాజు రథమెక్కి వస్తే భిక్షువు నాగసేనుడు ఆయన్ని ప్రశ్నలు అడిగిన కథ మీకు తెలుసు. ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? అవేవీ కావన్నాడు రాజు. మనమూ అలాగే అడుగుదాం. గౌరవం అల్లాయ్ చక్రాల్లో ఉందా? సన్‌రూఫ్‌లో ఉందా? టాప్ మోడల్ అనే బ్యాడ్జీలో ఉందా? ఎక్కడా దొరకదు. చూసేవాడి కళ్లలో ఉందంటారా? ఆ కళ్లు నిన్నటిదాకా మనల్ని ఎలా చూశాయో తెలుసు గదా. మూడేళ్ల తర్వాత ఇంకో కొత్త మోడల్ వస్తే ఇదే బండిని అవే కళ్లు పాతదంటాయి. ఎదుటివాడి కళ్లలో దాచుకున్న గౌరవానికి తాళంచెవి ఎదుటివాడి దగ్గరే ఉంటుంది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనకిచ్చింది ఆ తాళంచెవి వెనక్కి తీసుకునే దారి. అడుక్కోకుండా, కొనుక్కోకుండా, ఎవరి చూపుకీ కట్టుబడకుండా వచ్చే గౌరవం అది.

సరే, గౌరవం సంగతి పక్కన పెడదాం. నిజంగానే కారు అవసరమే అనుకుందాం. ముసలి తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్లాలి, పిల్లలున్నారు, బడి దూరం. మంచిదే. అప్పుడు లెక్క చూసుకోవాలి. ఆ లెక్క కూడా ధమ్మమే.

షోరూములో పెద్ద అక్షరాలతో రాసేది ఎక్స్‌షోరూమ్ ధర. దానికి లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను కలిస్తే ఆన్‌రోడ్ ధర. అన్నీ కలిపి 10 లక్షలైందనుకోండి. చేతిలోంచి 2 లక్షలు కట్టి, 8 లక్షలు లోను తీసుకుని, 9 శాతం వడ్డీతో 7 ఏళ్లలో తీరుస్తామంటే, నెల వాయిదా దాదాపు 12,870 రూపాయలు. 84 వాయిదాలు. మొత్తం కట్టేది 10 లక్షల 81 వేలు. అంటే వడ్డీయే 2 లక్షల 81 వేల దాకా అవుతుంది. పెట్రోలు, సర్వీసు, ఏటేటా ఇన్సూరెన్సు దీనికి అదనం. ఆ ఏడేళ్లలో బండి విలువ మాత్రం తగ్గుతూనే ఉంటుంది. షోరూములో ఈ లెక్క ఎవరూ ముందు చెప్పరు. "నెలకు ఇంతే గదా సార్" అంటారు. ఆ "ఇంతే" అనే మాటలో 84 నెలలు దాక్కుని ఉంటాయి.

అప్పు గురించి తథాగతుడు ఎంత సూటిగా చెప్పాడో మనలో చాలామందికి తెలియదు. సంసారులకు పేదరికం దుఃఖమైతే, అప్పు దుఃఖం, వడ్డీ దుఃఖం, అప్పులవాడు వెంటబడటం దుఃఖం అని ఒక్కొక్కటే లెక్కపెట్టి చెప్పాడు. అనాథపిండికుడికి గృహస్థుడి సుఖాలు నాలుగని చెప్పాడు. న్యాయంగా సంపాదించిన ధనం ఉండటం ఒక సుఖం. దాన్ని అనుభవించడం, దానం చేయడం ఇంకో సుఖం. అప్పు లేకపోవడం మూడో సుఖం. నిందలేని నడవడి నాలుగోది. అప్పు లేకపోవడాన్ని సుఖాల్లో లెక్కవేసిన గురువు మనవాడు. వెట్టికి, వడ్డీకి తరతరాలు కట్టుబడిన జాతికి ఆ మాట విలువ ఇంకెవరికన్నా ఎక్కువ తెలియాలి.

దీఘజాణు అనే కోలియుడికి చెప్పిన సుత్తంలో సమజీవితం అనే మాట వస్తుంది. ఆదాయం తెలుసుకుని, ఖర్చు తెలుసుకుని, త్రాసు పట్టినవాడిలా బతకాలని. తక్కువ రాబడితో ఎక్కువ ఆర్భాటం చేసేవాడిని అక్కడ మేడిపండ్లు తినేవాడితో పోల్చాడు. మేడిచెట్టు ఊపితే బుట్టెడు రాలతాయి, తినేది నాలుగు, మిగతావన్నీ నేలపాలు. అదే సుత్తంలో, రాబడి బాగా ఉండి కూడా కడుపు మాడ్చుకునే పిసినారినీ ఒప్పుకోలేదు. రెండు వైపులా తప్పే. సిగాలుడికి చెప్పిన సుత్తంలో రాబడిని నాలుగు పాళ్లు చేసుకోమన్నాడు: ఒక పాలు బతకడానికి, రెండు పాళ్లు వృత్తికి, నాలుగో పాలు ఆపదకు దాచడానికి. ఇప్పుడు మీ జీతం కాగితం మీద రాసి చూడండి. వాయిదా ఏ పాలులోంచి వస్తోంది? మొదటి పాలులోంచే వస్తే కొనండి. ఆపద కోసం దాచినదాంట్లోంచి వస్తే ఆగండి. పిల్లల చదువులోంచి వస్తే అసలు ఆ గుమ్మం తొక్కకండి. మన జాతికి చదువే వృత్తి, చదువే పెట్టుబడి.

ఇంకో సంగతి, డెలివరీ రోజుది. తాళంచెవి ఇచ్చేటప్పుడు పంతులుగారు తయారుగా ఉంటారు. పసుపు, కుంకుమ, బానెట్ మీద స్వస్తిక్, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. డ్యాష్‌బోర్డు మీద గణపతి బొమ్మ ఫ్రీ. "వద్దండీ" అంటే వింతగా చూస్తారు. 22 ప్రతిజ్ఞల్లో మూడోది గౌరిని, గణపతిని పూజించనని. ఎనిమిదోది బ్రాహ్మణుల చేత ఎలాంటి క్రతువూ చేయించనని. నాగపూర్‌లో లక్షలమంది పలికిన ఈ మాటలు సభల్లో గట్టిగా పలికి, షోరూములో మొహమాటానికి మింగేస్తే ఎలా? ఎవరితోనూ గొడవ పెట్టుకోనక్కర్లేదు. "మేం బౌద్ధులమండీ, మాకు ఇది లేదు" అని నవ్వుతూ చెప్పండి. మన కులం అడక్కుండానే వాళ్లకు తెలిసిపోతుందని భయపడే ఘడియ ఒకటుంటుంది. ఆ ఘడియలో నిలబడగలిగిన మనిషికి అసలైన గౌరవం అక్కడే వచ్చేసింది, బండి ఇంకా షోరూము దాటకముందే.

నిమ్మకాయల బదులు కుటుంబమంతా నిలబడి త్రిశరణ పంచశీల చెప్పుకోండి. అది కూడా ఇంకో తంతులా కాదు, అర్థం తెలిసి. తెలుగులో ప్రమాదం అంటే యాక్సిడెంటు. పాళీలో పమాదం అంటే ఏమరుపాటు. ఒకటే మాట. ఐదో శీలంలో మద్యాన్ని ఎందుకు వద్దన్నారు? ఏమరుపాటుకు అది మూలం కాబట్టి. స్టీరింగ్ పట్టుకున్నవాడికి ఇంతకన్నా మంచి రక్ష ఉందా? ప్రాణం తీయనన్న మొదటి శీలం రోడ్డు దాటే ముసలమ్మకూ వర్తిస్తుంది, కుక్కపిల్లకూ వర్తిస్తుంది. నిమ్మకాయ నలిగితే దిష్టి పోతుందో లేదోగానీ, మేలుకుని నడిపితే ప్రాణాలు మిగులుతాయి.

చివరగా ఇంకొక లెక్క. దీక్ష ఇచ్చిన మర్నాడు, అక్టోబర్ 15న నాగపూర్ ఉపన్యాసంలో బాబాసాహెబ్ ధమ్మకార్యానికి ఎవరి రాబడిలోంచి వాళ్లు ఇరవయ్యో వంతు ఇవ్వాలని కోరారు. అంటే నూటికి ఐదు రూపాయలు. బ్యాంకువాడికి 84 నెలలు తప్పకుండా కట్టగలిగిన మనం, బాబాసాహెబ్ అడిగిన ఐదు రూపాయలు ఎన్ని నెలలు కట్టాం? బ్యాంకు వాయిదా తప్పితే నోటీసు వస్తుంది. ఈ వాయిదా తప్పితే ఏ నోటీసూ రాదు. మన వాడలో ట్యూషను చెప్పేవాడు లేక పదో తరగతి తప్పిన పిల్లే దాని నోటీసు.

మన అమరావతిని తలుచుకోండి. అక్కడి మహాస్తూపానికి రాళ్లు ఇచ్చినవాళ్లందరూ రాజులు కారు. పూర్ణకుంభం చెక్కిన ఒక రాతి మీద దాత పేరు విధికుడని ఉంది. అతను చర్మకారుడు. తోలుపని చేసి సంపాదించిన ధనంలోంచి, తన ఇంటివాళ్లందరితో కలిసి ఆ రాయి ఇచ్చాడు. వృత్తి దాచుకోలేదు, పేరు పక్కనే చెక్కించుకున్నాడు. అతను ఏ బండి ఎక్కి స్తూపం దగ్గరికి వచ్చాడో ఎవరికీ తెలియదు. ఆ కాలంలో ఎంతోమంది మంచి మంచి బళ్లు ఎక్కే ఉంటారు, వాళ్ల పేర్లూ తెలియవు. అతని పేరు మాత్రం ఇవాళ మనం చదువుకుంటున్నాం.

కాబట్టి ఉపాసకులారా, ఉపాసికలారా, కారు కొనాలనిపిస్తే ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది నా అవసరానికా, ఎవరి కళ్లకోసమా? వాయిదా నా రాబడిలో ఏ పాలులోంచి వస్తుంది? డెలివరీ రోజు నా ప్రతిజ్ఞ మీద నిలబడగలనా? ఇరవయ్యో వంతు ఇస్తూనే కట్టగలనా? వీటికి జవాబు షోరూములో వెతక్కండి. పాటలు లేని చోట, ఇంట్లోవాళ్లతో కూర్చుని, కనీసం వారం రోజులు ఆగి వెతకండి. ఆఫర్ పోతే పోనివ్వండి, మళ్లీ వస్తుంది. మా తమ్ముడు ఆ రాత్రి బుకింగ్ కట్టలేదు. వద్దని నేను చెప్పలేదు, కొనమనీ చెప్పలేదు. అతనిప్పుడు కాగితం, పెన్ను పట్టుకుని లెక్క వేస్తున్నాడు. ఆ లెక్క తేలాక కొంటే, ఆ బండి ఎక్కి విహారానికి రావడానికి నేనే ముందుంటాను.

కొన్నాక కూడా ఒక సంగతి గుర్తుంచుకోండి. బండిలో ఇంకా సీట్లుంటాయి. వందనకు రావడానికి ఆటో చార్జీలు చూసుకునే ముసలివాళ్లు మన వాడలో ఉన్నారు. వాళ్లను ఎక్కించుకోండి. ఒకప్పుడు మన పెద్దల పక్కన కూర్చోవడానికి బండివాడు ఒప్పుకోలేదు. మన బండిలో మన పక్కన ఎవరైనా కూర్చోవచ్చు, ఎవరినీ కులం అడగం. అప్పుడది ధమ్మయానం అవుతుంది.

నమో బుద్ధాయ. జై భీమ్.